ఎమ్‌ఎక్స్-5 ముందు స్ప్రింగ్ విరిగింది, ఇంటి దగ్గరే మార్చుకోవచ్చా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంత వరకు ఇదీ. మీది 2003 నాటి మాజ్దా ఎమ్‌ఎక్స్-5, లెస్టర్‌లో ఉంటున్నారు. బ్రిటన్‌లో మూడేళ్లు దాటిన కార్లకు ఏటా చేసే ఎంఓటీ పరీక్షలో, ముందు ఎడమ స్ప్రింగ్ కింది చుట్టు దగ్గర విరిగిందని ఫెయిల్ చేశారు. మీ దగ్గర మంచి పానాల సెట్టు ఉంది, ఇంటి ముందు చదునైన సిమెంటు నేల ఉంది, స్ప్రింగ్‌ని నొక్కిపెట్టే పనిముట్టు (స్ప్రింగ్ కంప్రెసర్) అద్దెకు దొరుకుతోంది. ఈ పని మీరే చేసుకోవచ్చా, ఒక్క స్ప్రింగ్ మారిస్తే సరిపోతుందా అన్నది ప్రశ్న. ఊళ్లో నాన్నగారు "వెల్డింగ్ పెట్టిస్తే పోయేదానికి కొత్తది ఎందుకురా" అన్నారని కూడా రాశారు.

సూటిగా చెప్తాను. చేసుకోవచ్చు. అయితే ఇందులో రెండు పనులున్నాయి. షాకబ్జర్‌ని స్ప్రింగ్‌తో సహా బండి నుంచి దించడం, మళ్లీ బిగించడం మొదటిది. అది మీ ఇంటి ముందు హాయిగా చేసుకోండి. స్ప్రింగ్‌ని నొక్కిపెట్టి, షాకబ్జర్ నుంచి విడదీసి, కొత్తది ఎక్కించడం రెండోది. ఆ ఒక్క పనికి మాత్రం దించిన రెండు షాకబ్జర్లనీ దగ్గర్లోని గ్యారేజీకి తీసుకెళ్లండి. స్ప్రింగులు జతగా మార్చండి. వెల్డింగ్ ఆలోచన పూర్తిగా వదిలేయండి.

నేను విజయవాడ ఆటోనగర్‌లో మా మేనమామ కమాన్ కట్టల షాపులో పని నేర్చుకున్నాను. లారీల కమాన్లు, అంటే ఉక్కు పట్టీల స్ప్రింగులు, విప్పడం, కాల్చి వంపు పెట్టడం, కట్టలు బిగించడం చూస్తూ పెరిగాను. ఇప్పుడు కోవెంట్రీలో ఉంటున్నాను, ఇక్కడికొచ్చి పంతొమ్మిదేళ్లు. నాకూ ఒక ఎమ్‌ఎక్స్-5 ఉంది. సొంత బండికీ స్నేహితుల బండ్లకీ కలిపి స్ప్రింగులు చాలాసార్లు మార్చాను. కంప్రెసర్ విషయంలో ఇంత గట్టిగా ఎందుకు చెప్తున్నానో వివరిస్తాను, ఎందుకంటే వీడియోల్లో ఈ భాగం అరనిమిషంలో దాటేస్తారు.

పన్నెండేళ్ల కిందట ఒక శనివారం సాయంత్రం, అద్దెకు తెచ్చిన కంప్రెసర్‌తోనే కొత్త స్ప్రింగ్ నొక్కుతున్నాను. రెండు పొడవాటి మరలు, వాటికి కొక్కేలు, మీరు తేబోయేది కూడా అదే రకం. ఒక పక్క నాలుగు చుట్లు తిప్పి, రెండో పక్కకు వెళ్లేసరికి స్ప్రింగ్ కొంచెం అరటికాయలా వంగింది. వంపు సరిచేద్దామని పానా పెట్టాను. టక్ మని చిన్న చప్పుడు. కొక్కెం చుట్టు మీద నుంచి జారింది. స్ప్రింగ్ నా మోచేతి పక్కనుంచి దూసుకెళ్లి గ్యారేజీ రేకు తలుపుకు తగిలింది. తలుపులో పిడికిలి పట్టేంత సొట్ట పడింది. అప్పటికి ఒక్క క్షణం ముందు పానా అందుకోవడానికి పక్కకు వంగి ఉన్నాను, లేకపోతే నా ముఖం సరిగ్గా ఆ దారిలో ఉండేది. మా అబ్బాయి అప్పుడు నాలుగేళ్లవాడు, తలుపు అవతలే సైకిలు తొక్కుతున్నాడు. ఆ చప్పుడు నాకు ఇప్పటికీ గుర్తుంది.

లెక్క వేసి చూడండి. ఈ బండి ముందు స్ప్రింగ్‌ని ఒక్క మిల్లీమీటరు నొక్కాలంటే ఉజ్జాయింపుగా 30 న్యూటన్ల బలం కావాలి. షాకబ్జర్ పై చివరి నట్టు ఎక్కడానికి 80 మిల్లీమీటర్లు నొక్కారనుకుందాం. అప్పుడు కొక్కేల మీద పడే బలం 2,400 న్యూటన్లు, అంటే దాదాపు 245 కిలోల బరువు. అందులో నిలవున్న శక్తి 96 జౌల్స్. 160 గ్రాముల క్రికెట్ బంతి గంటకు 125 కిలోమీటర్ల వేగంతో వస్తే ఎంత శక్తి ఉంటుందో అంత. హెల్మెట్, ప్యాడ్లు లేకుండా రెండడుగుల దూరంలో దాని ముందు కూర్చుని పనిచేస్తున్నామన్నమాట.

ఎమ్‌ఎక్స్-5తో ఇంకో ఇబ్బంది ఉంది. దీని స్ప్రింగ్ వ్యాసం చిన్నది. అద్దె కంప్రెసర్లు ఎక్కువగా పెద్ద ఫ్యామిలీ కార్ల కోసం చేసినవి. వాటి కొక్కేలు ఈ చుట్ల మీద నిండుగా కూర్చోవు. పైగా మీది విరిగిన స్ప్రింగ్. కింది చుట్టు ఊడిపోయింది కాబట్టి పొడవు తగ్గి, బిగువు సగం పోయి ఉంటుంది. పాతది తేలిగ్గా ఊడొస్తుంది. అది చూసి "ఇంతేనా" అనుకుంటారు. కొత్త స్ప్రింగ్‌కి పూర్తి పొడవు, పూర్తి బిగువు ఉంటాయి. అసలు ప్రమాదం విప్పేటప్పుడు కన్నా ఎక్కించేటప్పుడే ఎక్కువ. నాకు జరిగింది కూడా కొత్తది ఎక్కిస్తున్నప్పుడే.

గ్యారేజీల్లో గోడకో స్టాండుకో బిగించిన కంప్రెసర్ ఉంటుంది. స్ప్రింగ్‌ని రెండు వైపులా సమానంగా పట్టుకుని నొక్కుతుంది. పోయినసారి నా స్నేహితుడి షాకబ్జర్లు రెండూ తీసుకెళ్తే నలభై పౌండ్లు తీసుకుని అరగంటలో చేసిచ్చారు. ముందే ఫోన్ చేసి, "విప్పిన షాకబ్జర్లు తెస్తాను, స్ప్రింగులు మార్చి ఇస్తారా" అని అడగండి. కొందరు ఒప్పుకోరు, ఒప్పుకునేవాళ్లు దొరుకుతారు. చిన్న సొంత గ్యారేజీలు నడిపేవాళ్లని అడగడం మేలు.

ఇక వెల్డింగ్. నాన్నగారి మాట నాకు అర్థమవుతుంది, మన దగ్గర దేన్నైనా బాగుచేసి వాడతాం. కానీ ఆటోనగర్‌లో కూడా కమాన్ కట్టలో మెయిన్ పట్టీ విరిగితే అతికించరు, పట్టీ మార్చేస్తారు. స్ప్రింగ్ ఉక్కులో సిలికాన్ లాంటివి కలిపి, ఎర్రగా కాల్చి చల్లార్చి, మళ్లీ కొలతగా వేడిచేసి ఆ గుణం తెస్తారు. వెల్డింగ్ వేడి తగిలిన చోట ఆ గుణం పోతుంది. అతుకు పక్కన ఒక చోట పెళుసుగా, ఇంకో చోట మెత్తగా తయారవుతుంది. ఏదో ఒక స్పీడ్ బ్రేకర్ మీద మళ్లీ అక్కడే విరుగుతుంది. ఎంఓటీలో కూడా ఒప్పుకోరు.

అసలెందుకు విరిగింది అంటే, ఇక్కడ దోషి ఉప్పు. చలికాలంలో మంచు గడ్డకట్టకుండా రోడ్ల మీద రాతి ఉప్పు చల్లుతారు. చెషైర్‌లో 1844లో మొదలైన విన్స్‌ఫర్డ్ గనిలో తవ్వే ఉప్పు అలా ఎన్నో ఊళ్ల రోడ్ల మీదికి చేరుతోంది. ఆ ఉప్పునీళ్లు, ఇసుక కలిసి స్ప్రింగ్ కింద కూర్చునే పళ్లెంలో చేరతాయి. బండి ఊగినప్పుడల్లా ఇసుక స్ప్రింగ్ మీది పెయింటు పూతను గీరుతుంది. పూత పోయిన చోట తుప్పు ఒక చిన్న గుంట పెడుతుంది. స్ప్రింగ్ నిజానికి మెలి తిరిగే కడ్డీ, ఆ మెలిక ఒత్తిడి ఉపరితలం మీదే ఎక్కువ. గుంట దగ్గర సన్నని పగులు మొదలై నెలల తరబడి లోపలికి పాకుతుంది. ఒక చలి ఉదయం టంగుమని తెగుతుంది.

మీది దించాక విరిగిన ముఖాన్ని తుడిచి చూడండి. అంచున గోరంత చంద్రవంక ఆకారంలో ముదురు గోధుమరంగు తుప్పు కనిపిస్తుంది, మిగతా భాగం గరుగ్గా వెండిరంగులో మెరుస్తుంది. ఆ గోధుమరంగు చంద్రవంక ఎన్నాళ్లుగానో ఉన్న పాత పగులు. మెరిసేది ఆఖరి రోజు విరిగింది. నేను చూసిన విరిగిన స్ప్రింగులన్నీ దాదాపు ఇలాగే ఉన్నాయి.

రెండూ మార్చమనడానికి కారణం కూడా ఇదే. కుడి పక్క స్ప్రింగ్ కూడా అదే ఉప్పు, అదే ఇసుక, అన్నే ఏళ్లు చూసింది. పైగా ఇరవై ఏళ్లు మోసిన స్ప్రింగ్ కొంత కుంగి ఉంటుంది. ఒక పక్క కొత్తది, ఒక పక్క పాతది పెడితే బండి ఒక వైపు ఎత్తుగా నిలబడుతుంది. మామూలు కారులో అంత పట్టించుకోకపోవచ్చు. వెయ్యి కిలోలు దాటీదాటని ఈ బండిని మనం కొనుక్కున్నదే మలుపుల్లో తిరిగే ఆ తీరు కోసం. ఎడమ మలుపు ఒకలా, కుడి మలుపు ఇంకోలా ఉంటే ఆ సుఖమే పోతుంది.

స్ప్రింగులు ఛాసిస్ నంబరు చెప్పి తెప్పించండి. 1.6 లీటర్ల ఇంజనుకీ 1.8 లీటర్ల ఇంజనుకీ, బిల్‌స్టైన్ కంపెనీ షాకబ్జర్లతో వచ్చిన స్పోర్ట్ మాడళ్లకీ తేడాలుంటాయి. ఎత్తు తగ్గించే స్ప్రింగులు వేయాలనిపిస్తే ముందు ఇన్సూరెన్స్ వాళ్లకు చెప్పాలి, అది మార్పు కింద లెక్క. వాటితోపాటు రెండు కొత్త పైనట్లు, బంప్ స్టాపులు (షాకబ్జర్ పూర్తిగా కుంగినప్పుడు దెబ్బ ఆపే మెత్తటి దిమ్మలు), దుమ్ము పడకుండా ఉండే రబ్బరు తొడుగులు కూడా తెప్పించండి. పాత బంప్ స్టాప్ చేత్తో నలిపితే రస్కులా పొడైపోతుంది. షాకబ్జర్ నుంచి నూనె కారుతుంటే దాన్ని కూడా ఇప్పుడే మార్చేయండి. ఈ పనంతా రెండోసారి ఎందుకు చేయడం?

పానా పట్టే ముందు సిల్స్ చూడండి. తలుపుల కింద పొడవుగా ఉండే పెట్టె భాగాలవి. ఈ తరం ఎమ్‌ఎక్స్-5ల పెద్ద జబ్బు అక్కడే, ముఖ్యంగా వెనక చక్రం ముందు భాగంలో. పైన పెయింటు నిగనిగలాడుతుంది, లోపల రేకు బిస్కెట్‌లా అయిపోయి ఉంటుంది. స్టాండు పెట్టే చోట స్క్రూడ్రైవర్ పిడితో గట్టిగా తట్టండి. కణకణమంటే మంచిది. బుస్సుమని మెత్తటి చప్పుడొస్తే అక్కడ స్టాండు పెట్టొద్దు, బండి బరువుకు స్టాండు రేకులోకి దిగిపోతుంది. అలాంటప్పుడు స్ప్రింగ్ కన్నా ముందు చూడాల్సింది ఆ తుప్పునే.

సిల్స్ బాగుంటే పని ఇలా సాగుతుంది.

ముందు రోజు రాత్రే బోల్టులన్నిటికీ తుప్పు వదిలించే నూనె కొట్టి వదిలేయండి. ఉదయాన్నే మొదలుపెట్టండి, చలికాలంలో ఇక్కడ నాలుగింటికే చీకటి పడిపోతుంది. చక్రాలు నేల మీద ఉండగానే వీల్ నట్లు కొద్దిగా వదులు చేయండి. వెనక చక్రాలకు అటూ ఇటూ చెక్క దిమ్మలు పెట్టండి. ముందు అడ్డ దూలం మధ్యలో ట్రాలీ జాకీ పెట్టి ఎత్తి, రెండు పక్కలా సిల్ జాకీ పాయింట్ల కింద స్టాండ్లు పెట్టి దించండి. రెండు ముందు చక్రాలూ ఒకేసారి గాల్లో ఉండాలి, లేకపోతే రెండు చక్రాల వైపులనూ కలిపే కడ్డీ (యాంటీరోల్ బార్) మెలిపడి లింకు బోల్టు రాదు. జాకీ ఒక్కదాని మీద ఉన్న బండి కిందికి చెయ్యి కూడా పెట్టొద్దు. స్టాండ్ల మీద నిలిచాక బండిని భుజంతో గట్టిగా తోసి చూడండి. కదిలితే ఇప్పుడే కదలాలి.

యాంటీరోల్ బార్ లింకు విప్పండి. షాకబ్జర్ కింది బోల్టు తీయండి. ఈ దశలో స్ప్రింగ్ ఎగిరిపోతుందని భయం అక్కర్లేదు, దాన్ని షాకబ్జర్ పైనట్టే పట్టి ఉంచుతుంది. బానెట్ కింద ఒక్కో పక్క రెండు నట్లు కనిపిస్తాయి, విప్పాల్సినవి అవే. వాటి మధ్యలో ఉన్న నట్టును ముట్టుకోకండి. స్ప్రింగ్ బిగువంతా దాని మీదే ఉంది. గ్యారేజీలో స్ప్రింగ్‌ని నొక్కాకే అది విప్పాలి.

షాకబ్జర్ బయటికి రావడానికి కొంచెం చోటు కావాలి. చక్రాన్ని బండికి పట్టి ఉంచే చేతుల్లో పైది, అంటే పై ఆర్మ్‌లో దూరిన పొడవాటి బోల్టు లాగేస్తే సులువని చాలామంది చెప్తారు. ఎండలు కాసే దేశాల్లో నిజమే. ఇక్కడి బండ్లలో అది బుష్ (కీలు దగ్గరి రబ్బరు) లోపలి గొట్టానికి తుప్పుతో అతుక్కుపోయి ఉంటుంది. దాంతో ఒక పూటంతా కుస్తీ పట్టాను ఒకసారి. అందుకే నేను పై ఆర్మ్ చివరి బాల్ జాయింటు (గుండు కీలు) విడదీస్తాను. స్ప్లిట్ పిన్ను తీసి, నట్టు వదులు చేసి, మర చివర దెబ్బతినకుండా నట్టు అక్కడే ఉంచి, బాల్ జాయింట్ విడదీసే పనిముట్టుతో బిగిస్తే ఫట్‌మని వదులుతుంది. ఫోర్కులాంటి పనిముట్టు వాడితే రబ్బరు తొడుగు చిరుగుతుంది, స్క్రూతో నొక్కే రకం వాడండి. విడిపోగానే హబ్, అంటే చక్రం బిగించే భాగం, బయటికి వాలుతుంది. దాన్ని వెంటనే తీగతో కట్టేయండి. బ్రేక్ గొట్టానికి, ఏబీఎస్ తీగకు హబ్ వేలాడకూడదు. ఇప్పుడు కింది ఆర్మ్‌ని కిందికి నొక్కి పట్టుకుంటే షాకబ్జర్ బయటికొస్తుంది. ఇంకో మనిషి సాయం ఉంటే మంచిది.

గ్యారేజీకి తీసుకెళ్లే ముందు ఒక చిన్న పని తప్పకుండా చేయండి. పైన నట్లు ఎక్కే రెండు స్టడ్‌లకీ (మర కడ్డీలకీ), కింది బుష్ రంధ్రానికీ మధ్య ఒక కోణం ఉంటుంది. దాన్ని తెల్ల పెయింటు పెన్నుతో గుర్తు పెట్టండి, ఫోటో తీయండి. ఏది ఎడమ, ఏది కుడి అని కూడా రాయండి. కొత్త స్ప్రింగ్ ఎక్కించేటప్పుడు ఆ కోణం తప్పితే, ఇంటికొచ్చాక పైస్టడ్‌లు దూరితే కింది బోల్టు దూరదు. మళ్లీ గ్యారేజీకి పరుగు. స్ప్రింగ్ కింది కొస పళ్లెంలోని మెట్టుకు ఆని ఉందో లేదో అక్కడే చూసుకోండి. పళ్లెం కూడా చూడండి, స్ప్రింగ్‌ని తినేసిన ఉప్పే దాన్నీ తినేసి ఉండొచ్చు. రేకు పలచబడి ఉంటే షాకబ్జర్ మార్చాల్సిందే.

తిరిగి బిగించడం విప్పిన వరుసకు వెనక్కి. స్ప్లిట్ పిన్ కొత్తది వేయండి. రబ్బరు బుష్‌లో దూరే బోల్టును బండి గాల్లో ఉండగా పూర్తిగా బిగించొద్దు. వేళ్లతో, తర్వాత పానాతో కొంచెం బిగించి వదిలేయండి. బండి బరువు చక్రాల మీద పడ్డాకే చివరి బిగింపు. గాల్లో వేలాడే భంగిమలో బిగిస్తే, కిందికి దించగానే బుష్ మెలిపడి, అదే మెలికతో బతికి తొందరగా చిరుగుతుంది. బండి ఎత్తు కూడా తప్పుగా చూపిస్తుంది. చక్రాల కింద చెక్క పలకలు పెట్టి దించితే పానా తిప్పడానికి చోటు దొరుకుతుంది. వీల్ నట్లకు 88 నుంచి 118 న్యూటన్ మీటర్లు, నేను 110 పెడతాను, టార్క్ పానాతో. ఎనభై కిలోమీటర్లు తిరిగాక మళ్లీ ఒకసారి చూడండి.

గ్యారేజీ ఎవరూ ఒప్పుకోక మీరే నొక్కాల్సివస్తే, నా మనసులో మాట చెప్పాలంటే, ఆగి ఇంకో గ్యారేజీ వెతకండి. లేదా స్ప్రింగ్, పైమౌంట్ ముందే బిగించి అమ్మే షాకబ్జర్ జత మీ మాడల్‌కి దొరుకుతుందేమో అడగండి. ఖర్చు ఎక్కువే, కానీ కంప్రెసర్ అవసరమే ఉండదు. ఇంకా మీరే చేయాలనుకుంటే, కొక్కేలకు అడ్డు పిన్నులున్న, చిన్న స్ప్రింగులకు సరిపోయే కంప్రెసర్ తీసుకోండి. రెండు కొక్కేలూ సరిగ్గా ఎదురెదురుగా, వీలైనన్ని ఎక్కువ చుట్లను పట్టేలా పెట్టండి. మరలకు గ్రీజు రాయండి. ఒక పక్క ఒక చుట్టు, రెండో పక్క ఒక చుట్టు, అంతకు మించి తిప్పొద్దు. గాలి గన్ గానీ బ్యాటరీ గన్ గానీ దాని మీద పెట్టొద్దు. వంపు కనబడితే అక్కడితో ఆపి, వెనక్కి వదిలి, మొదటినుంచి పెట్టండి. స్ప్రింగ్ చివరలు మీ వైపు గానీ, తలుపు వైపు గానీ చూడకూడదు. పిల్లలు ఇంట్లో ఉండాలి.

ఈలోపు బండి నడపొచ్చా అని అడగలేదు గానీ చెప్తున్నాను. కొన్ని కార్లలో స్ప్రింగ్ టైరుకు ఆనుకునే ఉంటుంది, విరిగిన కొస టైరును కోసేస్తుంది. మీ బండిలో స్ప్రింగ్ ఆర్మ్‌ల మధ్య లోపలికి ఉంటుంది కాబట్టి ఆ ముప్పు తక్కువ. అయినా ఎంఓటీ వాళ్లు మేజర్ (పెద్ద లోపం) అని రాసింది ఊరికే కాదు. పళ్లెం నుంచి స్ప్రింగ్ జరిగితే ఒక చక్రం మీద పట్టు తగ్గుతుంది, బ్రేకు కొట్టినప్పుడు బండి పక్కకు లాగుతుంది. ఇంటి ముందే ఉంచండి.

అంతా అయ్యాక ఒక వారం, వంద మైళ్లు తిప్పండి. కొత్త స్ప్రింగులు కొద్దిగా కుదురుకుంటాయి. అప్పుడు వీల్ అలైన్‌మెంట్ చేయించండి, ఎత్తు మారింది కాబట్టి అది తప్పదు. దానికి ముందు చదునైన చోట బండి నిలిపి, రెండు పక్కలా హబ్ మధ్య నుంచి మడ్‌గార్డ్ అంచు దాకా టేపుతో కొలిచి రాసుకోండి. రెండింటికీ తేడా పది మిల్లీమీటర్లు దాటితే, అలైన్‌మెంట్‌కు డబ్బు పెట్టకముందే స్ప్రింగ్ కొస పళ్లెం మెట్టు దగ్గర సరిగ్గా కూర్చుందో లేదో టార్చి వేసి చూసి, ఫోటో ఇక్కడ పెట్టండి, చూసి చెప్తాను.